సున్నపు గీతల అంతయ్య

మా అంతయ్య కాకకు నేల కనిపిస్తే చాలు, దాని మీద తెల్లగీత గీయాలి. కొందరికి చుట్ట లేకపోతే పొద్దు గడవదు, కొందరికి పక్కింటి ముచ్చట లేకపోతే ముద్ద దిగదు. అంతయ్య కాకకు ఒక సున్నం డబ్బా, ఒక కుంచె, ఒక సుతిలి తాడు ఉంటే మిగతా లోకంతో పని లేదు. బెల్లంపల్లిలో మా బస్తీకి ఇల్లు అద్దెకు చూద్దామని వచ్చినవాళ్లు ఆ గీతలను చూసి, రోడ్డు వెడల్పు చేస్తారు కాబోలని భయపడి, ఇంటివాళ్లతో మాట్లాడకుండానే తిరిగిపోయేవాళ్లు.

ఈ రోగం ఆయనకు గనిలో అంటుకుంది. ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయిలో సర్వే చైన్‌మన్‌గా చేశాడు. సర్వే సారు కొలతలు చెప్తుంటే సొరంగం కప్పు మీద సున్నంతో గీత గీయడం ఆయన పని. తవ్వేవాళ్లు ఆ గీతను పట్టుకునే ముందుకు పోవాలి. గీత తప్పిందా, ఇటు నుంచి ఒక జట్టూ అటు నుంచి ఒక జట్టూ తవ్వుకుంటూ వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పక్కపక్కనుంచే దాటిపోతారు.

“నా గీత మీద రెండు సొరంగాలు కలిసినయంటే ముక్కుకు ముక్కు తాకాలె,” అనేవాడు. “నడిమిట్ల అగ్గిపుల్లంత తేడా సుత ఉండది.”

అరవై నిండాక ఆయన్ని ఇంటికి పంపించారు. డబ్బా, కుంచె కూడా వెంట వచ్చాయి. గీయడానికి కప్పు లేకపోయేసరికి పూర్తిగా నేల మీద పడ్డాడు.

నేను ఆయన గోడకు గోడ ఆనుకుని ఉన్నవాణ్ని. పేరు వాహెద్. ఒక దినపత్రికకు ఊరి విలేకరిని. ఊళ్లో ఏది జరిగినా ‘ఘనంగా’ జరిగిందని రాయడం నా వృత్తి. మొక్క నాటితే ఘనంగా, ఆ మొక్క ఎండిపోయాక అదే గుంతలో మళ్లీ నాటితే మరింత ఘనంగా.

కాకతో నా తగాదా ఇరవై ఏళ్ల నాటిది. అప్పటికి ఆయన ఇంకా కొలువులోనే ఉన్నాడు. నేను ఇల్లు కట్టుకుందామని పునాదికి సున్నం పోయించిన రోజు, డ్యూటీ దిగి నల్లటి మొహంతోనే వచ్చి నిలబడ్డాడు.

“వాహెదూ, ఇల్లు రెండు గజాలు ఎనుకకు జరుపు.”

“ఎందుకు కాకా?”

“అందం ఉండది.”

“నా ఇంటి అందం నువ్వు చూసుకుంటవా?”

“పొద్దుగాల లేస్తే సూసేది నేనే గదా.”

మూడు రోజులు పునాది మీద కూర్చుని లేవలేదు. మేస్త్రీ కూలి దండగవుతోందని నేనే లొంగిపోయి రెండు గజాలు వెనక్కి జరిగాను. ఆ వదిలేసిన జాగాలో గీత గీసి, మళ్లీ కొలిచి, తృప్తిగా చాయ్ తాగి వెళ్లాడు. ఆ తర్వాత అక్కడ బాదం చెట్టు మొలిచింది. చెట్టు నీడంతా గీత అవతల పడింది. నా స్కూటర్‌ను నీడలో పెడితే, పావుగంటలో అది గీత ఇవతల ఎండలో ఉండేది.

“కాకా, సీటు కాలుతున్నది.”

“కాలితే చల్లారుతది. గీత దాటకు.”

ఎందుకు దాటకూడదో అడిగితే మనిషికో కారణం చెప్పేవాడు. నాకు అందం. దేవుడి మీద భక్తి ఉన్నవాళ్లకు వాస్తు. చదువుకున్నవాళ్లకు మున్సిపాలిటీ రూలు. పిల్లలకు దయ్యం. సొంత భార్య యాదవ్వ చాయ్ బండిని మూడుసార్లు జరిపించి, ముగ్గురు గిరాకీలున్న మూల నుంచి గిరాకీలే లేని మూలకు పంపించాడు. ఆమెకు మాత్రం ఏ కారణమూ చెప్పలేదు.

“అందరికి ఏదో ఒకటి చెప్తడు. నాకు అబద్ధం చెప్పేటి ఓపిక సుత లేదు గీయనకు,” అని యాదవ్వ గిన్నెలు గట్టిగా తోమేది.

పెళ్లిళ్లలో మరీ కష్టం. బస్తీలో పందిరి వేస్తున్నారంటే డబ్బాతో హాజరు. వంటల పొయ్యి గీత ఇవతలే ఉండాలి, బంతి భోజనం గీత ఇవతలే, పెళ్లికొడుకు గీత ఇవతలే. ఒకసారి ఆసిఫాబాద్ నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు ఆ గీతను చూసి ఇదేదో ఇక్కడి తంతు అనుకుని, దాటకుండా చాలా మర్యాదగా నడుచుకున్నారు. మూడేళ్ల తర్వాత ఆసిఫాబాద్‌లో ఒక పెళ్లికి పోతే పందిరి పక్కన సున్నపు గీత. ఇదేమిటని అడిగాను. “మీకు ఎరుకలేదా? బెల్లంపల్లి ఆచారం. గీత లేకుంటే పిల్లపిలగాడు సక్కగుండరట,” అన్నారు. అప్పటికే అది నాలుగు మండలాలు దాటిందట.

ఇక మా అంబ్రీన్ సంగతి. ఆరేళ్ల వయసులోనే నా బిడ్డకు బంతి పిచ్చి పట్టింది. దాని దెబ్బకు గల్లీలో ఆరబెట్టిన మిరపకాయలు, వడియాలు, అద్దాలు, ఆఖరికి ఒక పెద్దమనిషి పళ్లసెట్టు కూడా చెల్లాచెదురైపోయాయి. ఫిర్యాదులు పెరిగిన రోజున కాక డబ్బా పట్టుకుని వచ్చాడు. బిడ్డను తిడతాడేమోనని నేను అడ్డం పోయాను. ఆయన నన్ను పక్కకు నెట్టి అంబ్రీన్‌ను అడిగాడు.

“బిడ్డా, గా ఆటకు గీతలుంటయా?”

“ఉంటయి తాతా. మస్తుంటయి.”

కాక మొహం వెలిగిపోయింది. అరవై ఏళ్లు దాటాక ఆయనకు తగిన ఆట దొరికింది. బడికి పోయి ఆటల సారు దగ్గర కూర్చుని కొలతలన్నీ రాయించుకుని వచ్చాడు. మూతపడ్డ గోదాము గోడ మీద ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తుతో గోలు గీశాడు. గోడ కింద గోల్ గీత. అక్కడి నుంచి సరిగ్గా ముప్పై ఆరు అడుగుల దూరాన ఒక తెల్లచుక్క. ఆ చుక్క మీద బంతి పెట్టి గల్లీలో మగపిల్లలందరినీ వరసపెట్టి తన్నమన్నాడు. ఆపడం అంబ్రీన్ పని.

ఫుట్‌బాల్ గురించి ఆయనకు తెలిసింది గుండుసున్నా. బంతిని ఆపితే ఆపినవాళ్లకు మార్కు పడుతుందని చాలాకాలం నమ్మాడు. “కష్టపడి పట్టుకున్నది మా పిల్ల, మార్కు ఇంకొకలకా? ఇదేం న్యాయం?” అని ఆటల సారుతో వాదించాడు. ఒక్క రూలు మాత్రం తు.చ. తప్పకుండా పట్టుకున్నాడు. తన్నేదాకా గోల్‌కీపర్ కాలు గీత మీదే ఉండాలి.

“తాతా, జర ముందటికి ఉరికితే అలకగ దొరుకుతది.”

“ఉరుకుడు తర్వాత. గీత ఇడువకు. మల్లా!”

బిడ్డ ఎంత గొప్పగా ఆపినా సరే, కాలు ఒక్క వేలు ముందుకొస్తే “మల్లా!” పదేళ్లు ఆ గల్లీలో వినిపించిన మాట అదొక్కటే. మా పక్కింటి చిలుక కూడా అది నేర్చుకుంది.

ఈ ఏడాది ఆసియా దేశాల జట్ల మధ్య పదిహేడేళ్లలోపు అమ్మాయిల ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. మన దేశం జట్టుకు హైదరాబాద్‌లో క్యాంపు. ముగ్గురు గోల్‌కీపర్లు కావాలి. ఇద్దరు ఖాయమయ్యారు. మూడో చోటు కోసం మా అంబ్రీన్, ఇంకో రాష్ట్రం అమ్మాయి మిగిలారు. నేపాల్ అమ్మాయిల జట్టు సన్నాహపు ఆటకు వస్తోందని, ఆ ఆటలో ఇద్దరికీ చెరో సగం ఇచ్చి చూస్తామని, సాయంత్రానికి పేర్లు పైవాళ్లకు పంపేస్తామని కోచ్ రెబెకా మేడమ్ చెప్పింది. అప్పటిదాకా ఆ రెండో అమ్మాయిదే పైచేయి అని అంబ్రీన్ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఆ ఆటను బెల్లంపల్లికి పట్టుకొచ్చినవాడు హనుమండ్లు. పట్టణ క్రీడాభివృద్ధి సంఘం అధ్యక్షుడు. ఆటలతో ఆయనకున్న సంబంధం చిన్నప్పుడు కుర్చీలాటతో మొదలై, ఇప్పుడు కుర్చీతో ఆగింది. మా ఊళ్లో అంతర్జాతీయ ప్రమాణాల మైదానం ఉందని పై వాళ్లకు చెప్పి ఒప్పించాడు. ఆ సమయానికి మైదానంలో ఏడు బర్రెలు, తుమ్మ పొదలు, ఒక పాత సర్కస్ కంపెనీ వదిలేసిన ఇనుప బోను ఉన్నాయి. అన్నిటినీ పదిరోజుల్లో తీయించాడు. బర్రెలు మాత్రం రోజూ సాయంత్రం వచ్చి చూసి పోయేవి.

ఊరంతా ఫ్లెక్సీలు. ఒక్కోదాంట్లో నలభై మూడు మంది పెద్దల మొహాలు. నడుమ హనుమండ్లు రెండు చేతులతో బంతి పట్టుకుని నవ్వుతున్నాడు. మా అంబ్రీన్ మొహం కింది మూలలో, సరిగ్గా మేకు దిగిన చోట ఉంది. ‘క్రీడాజ్యోతికి ఘన స్వాగతం’ అని నేనే రాసిచ్చాను. తప్పు నాదే.

మైదానానికి గీతలు గీయడానికి ఇంకెవరున్నారు? కాక మూడు రోజులు సుతిలి కట్టి, కొలిచి, మళ్లీ కొలిచి పూర్తి చేశాడు. ఆట రోజు పొద్దున్నే హనుమండ్లు వచ్చి చూసి కొయ్యబారిపోయాడు. మైదానం పడమటి గోడకు దూరంగా జరిగి, ఐమూలగా తిరిగి ఉంది. గోడ పక్కన ఇరవై అడుగుల జాగా ఖాళీ. గోడ వెంబడి ఒకటి, ఎందుకో అర్థం కాని ఇంకో తెల్లగీత.

“గిదేంది అంతయ్యా? గ్రౌండ్ వంకర గీసినవ్?”

“గ్రౌండ్ సక్కగనే ఉన్నది. గోడ వంకరున్నది.”

“గోడ నేను కట్టిపిచ్చిన!”

“అందుకే.”

నలుగురు నవ్వారు. హనుమండ్లు మొహం ఎర్రబడింది. ఆయన స్టేజీ గోడ పక్కనే. ఆట అంత దూరం జరిగిపోతే ఫోటోలో ఆయనా ఆటా కలిసి రావు. “చెరిపి గోడకు సమానం గియ్యుండ్రి,” అని కూలీలకు చెప్పాడు. కాక పోయి గీత మీద వెల్లకిలా పడుకున్నాడు.

పది గంటలకు రెబెకా మేడమ్ మైదానం చూడటానికి వస్తుంది. అప్పటికి గీతలు సిద్ధంగా లేకపోతే ఆట రద్దు. నేపాల్ జట్టు మర్నాడే వెళ్లిపోతోంది. ఆట లేకపోతే నా బిడ్డ ఇంటికి.

“కాకా, లే. నీ కాళ్లు మొక్కుత. జర గోడ దిక్కు జరిపి గీస్తే నీ సొమ్మేం పోయింది? నా బిడ్డ బతుకు ఆగమైతది.”

“ఆగం గావద్దనే పండుకున్న, వాహెదూ.”

“అందమేనా నీకు ముఖ్యం? నా బిడ్డ కాదా?”

ఆయన గీత మీద ఇంకొంచెం సర్దుకుని పడుకున్నాడు. నాకు కోపం తలకెక్కింది. సున్నం డబ్బా గుంజుకుని విసిరికొట్టాను. సగం సున్నం ఆయన ధోతీ మీద పడింది. పదేళ్లు నా బిడ్డకు గోల్ గీత గీసిన డబ్బా అది. విసిరిన మరుక్షణమే నాకు సిగ్గేసింది, కానీ సిగ్గుపడ్డానని చెప్పడానికి ఇంకా సిగ్గేసింది. కాక పడుకునే చెయ్యి చాచి, చెదిరిన సున్నాన్ని వేళ్లతో గీతలోకి తోసుకున్నాడు.

అంతలో రెబెకా మేడమ్ వచ్చింది. మంథని దగ్గరి ఊరామె, మన మాటే మాట్లాడుతుంది.

“ఎవలు గాయన? గట్ల పండుకున్నడేంది?”

“మా సెంటర్ లైన్, మేడం,” అన్నాడు కూలీల్లో ఒకడు.

ఆమె టేపు తీసి కొలిచింది. అటు కొలిచింది, ఇటు కొలిచింది, మూల నుంచి మూలకు కొలిచింది. కాక ధోతీ కింద ఉన్న గీతను కూడా ఆయన్ని లేపి కొలిచింది. తర్వాత ఆమె గొంతు మారింది.

“హైదరాబాద్‌ల సుత గింత సక్కగ గీయరు, పెద్దాయనా. మరి గోడకు ఐమూలగ ఎందుకు తిప్పినవ్?”

“నాలుగు గంటల పొద్దు గోల్‌కీపర్ పిల్లల కండ్లల్ల వడకుంట తిప్పిన, బిడ్డా.”

మేడమ్ తలెత్తి పొద్దు వైపు చూసింది, గోలు వైపు చూసింది, తలాడించింది. “గోడతోని ఆటకేం పని? గిట్లనే ఆడుతం.” నేను ఊపిరి పీల్చుకున్నాను. కాక ఎప్పటిలాగే మనిషిని బట్టి కారణం చెప్పాడని ఆ తొందరలో నాకు తట్టలేదు.

హనుమండ్లు మాత్రం పంతానికి తన స్టేజీని గోడ పక్కనే, ఆ రెండో గీత అవతలే వేయించాడు. కాక ఆయన వెంటపడ్డాడు. అంతగా బతిమాలడం నేనెన్నడూ చూడలేదు.

“అన్నా, గీత ఇవతల ఎయ్యుండ్రి. మొన్న వాన వడ్డది.”

“వానకు గీతకు ఏం సంబంధమయ్యా? నీ గీత ఎనుక నిలవడేటందుకు నేనేమన్న బర్రెనా?”

అప్పుడు మైదానం గేటు దగ్గర మేస్తున్న బర్రె ఒకటి తల ఎత్తింది. అది కూడా గీత ఇవతలే ఉంది.

స్టేజీ పక్కన మూడు వందల మంది బడి పిల్లలను కూర్చోబెట్టారు. ప్రసంగాలకు చప్పట్లు కొట్టడం వాళ్ల డ్యూటీ. కాక ఆటల సారు దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. సారు వినలేదు. కాక నేరుగా తూర్పు వైపున చాయ్ బండి పెట్టుకున్న యాదవ్వ దగ్గరికి పోయి, పక్కనున్న ఐస్‌ఫ్రూట్ల బండ్లన్నీ బేరమాడాడు. రెండు నిమిషాల్లో, మైదానం తూర్పు వైపున ఐస్‌ఫ్రూట్లు ఊరికే ఇస్తున్నారన్న వార్త పాకింది. మూడు వందల మంది పిల్లలు ఒక్క ఉరుకు ఉరికారు. ఆటల సారు వాళ్లను ఆపడానికి ఉరికాడు, ఆయనకూ ఒకటి ఇచ్చారు. తిన్నాక అక్కడే కూర్చున్నారు.

“నేను అమ్మే చాయ్‌కి గిరాకి లేని మూలకు పంపిచ్చి, ఇప్పుడు ఊరోళ్ల పిల్లలకు ఐస్‌ఫ్రూట్లు పంచుతున్నడు. గీ మనిషిని ఏమనాలె?” అంది యాదవ్వ నాతో. పంచడం మాత్రం ఆపలేదు.

మూడు గంటలకు పెట్టిన ఆట నాలుగున్నరకు మొదలైంది. ముందు ప్రసంగాలు, తర్వాత షాలువాలు, ఆ తర్వాత షాలువాలు కప్పినవాళ్లకు షాలువాలు. గోలు స్తంభాలకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి, హనుమండ్లు కత్తిరించి గోలును ప్రారంభించాడు. నేపాల్ అమ్మాయిలు అదేదో మన దేశపు పూజ అనుకుని చేతులు జోడించారు.

మొదటి సగంలో ఆ రెండో అమ్మాయి గోల్‌కీపర్. మంచి ఆటగత్తె, అబద్ధం చెప్పను. నేపాల్‌కు పెనాల్టీ వచ్చింది. ఆమె చిరుతలా దూకి ఆపేసింది. జనం కేకలు. నా ఆశ అక్కడికక్కడే చచ్చిపోయింది. కానీ రెఫరీ ఈల ఊది, తన్నకముందే గీత వదిలిందని చెప్పి మళ్లీ తన్నించాడు. ఈసారి గోలు పడింది. వెనక నుంచి ఎవరో చాలా నెమ్మదిగా “మల్లా” అనడం వినిపించింది.

రెండో సగంలో మా అంబ్రీన్ వచ్చింది. మన జట్టు గోలు కొట్టి సమానం చేసింది. ఇంకో నాలుగు నిమిషాలుందనగా నేపాల్‌కు మళ్లీ పెనాల్టీ. నేను కళ్లు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేకపోయాను. కాక గోలు వెనక గొంతుక్కూర్చున్నాడు. ఆయన బంతిని చూడటం లేదు, తన్నే అమ్మాయిని చూడటం లేదు. నా బిడ్డ మడమ కింద ఉన్న తెల్లగీతను చూస్తున్నాడు.

ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. అంబ్రీన్ కదల్లేదు. ఇంకా కదల్లేదు. తన్నిన చప్పుడు వినిపించాక కదిలింది. కుడివైపు దూకి రెండు చేతులతో బంతిని కడుపులో పెట్టుకుని పడిపోయింది. పక్కనున్న లైన్ రెఫరీ జెండా లేపలేదు.

“పడ్డది మార్కు!” అని అరిచాడు కాక.

మైదానమంతా ఎగిరింది. స్టేజీ మీద అప్పటిదాకా కునుకు తీస్తున్న పెద్దలు ఉలిక్కిపడి లేచి, మనం గోలు కొట్టామనుకుని, నలభై మూడు మందీ ఒక్కసారే ఎగిరారు. దిగాక ఆగలేదు. మూడడుగుల ఎత్తున్న స్టేజీ మెల్లగా, మర్యాదగా, లిఫ్టు దిగినట్టు దిగుతూ పోయి నేలతో సమానమైంది. హనుమండ్లు చేతిలో మైకు ఇంకా పని చేస్తోంది.

“ఎవలు పరేషాన్ గావద్దు. కార్యక్రమం ఎప్పటిలెక్కనే నడుస్తది,” అని వినిపించింది, కొంచెం కింది నుంచి.

షాలువాలు మందంగా ఉండటం వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి లాగారు. నేను పరుగెత్తుకుంటూ పోయి చూశాను. కుంగిన నేల అంచు సరిగ్గా కాక గీసిన రెండో గీత దగ్గర ఆగిపోయింది, ఒక్క బెత్తెడు కూడా ఇవతలకు రాలేదు. స్టేజీ పక్కన పిల్లలు కూర్చున్న చోట మంచమంత గుంత. వెనక్కి తిరిగి చూస్తే, తూర్పున మూడు వందల మంది పిల్లలు రంగు నాలుకలు బయటపెట్టి ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

“నీకెట్ల ఎరుక అంతయ్యా?” అని హనుమండ్లు మట్టి దులుపుకుంటూ అడిగాడు.

“నాకేం ఎరుక అన్నా? గీత దాటితే అందం ఉండది.”

మర్నాడు పొద్దున నేను రెండు చాయ్‌లు పట్టుకుని ఆయన అరుగు మీదికి పోయాను. ఒక కొత్త సున్నం డబ్బా కూడా తీసుకుపోయాను. క్షమించమనే బదులు డబ్బా ముందుకు జరిపాను. ఆయన మూత తీసి, వేలితో సున్నం పట్టి చూసి, “మంచిగనే ఉన్నది,” అన్నాడు. అంతే, తగాదా తీరింది.

“ఇప్పుడన్న నిజం చెప్పు, కాకా.”

చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగాడు. తర్వాత చెప్పాడు.

“నేను కొత్తగ కొలువుల చేరినప్పుడు మా బాయి పైపొరల ఒక పాత సొరంగం తగిలింది. నిజాం జమానల ఎవలో గుత్తేదారు తవ్వి ఇడిసిపెట్టిండు. ఏ నక్షల లేదు. సర్వే సారు, నేను లాంతరు పట్టుకొని తిరిగి కొలిచినం. పైన ఏమున్నదని సూస్తే గప్పుడు తుమ్మ చెట్లు. తర్వాత గా చెట్ల జాగల మన బస్తీ లేసింది.”

“సార్లకు చెప్పలేదా?”

“చెప్పకేం? ఇరవై రెండు దరఖాస్తులు పెట్టిన. మొదట్ల ఇసుక నింపిండ్రు. ఇండ్లకు భయం లేదన్నరు, నిజమే. గానీ ఇసుక వానకు జర కూసుంటది. సొరంగం మీద బరువు వడొద్దు. గందుకే అది ఎటు పోయిందో గటు గీత గీసిన.”

“మరి బస్తీల ఒక్కలకన్న చెప్పొద్దా?”

“చెప్తే ఏమైతది? ఇంటి ముందట బొంద ఉన్నదంటే బస్తీ పిలగాండ్లకు పిల్లనెవలిస్తరు? ఇల్లు ఎవడు కొంటడు? యాదవ్వ కంటి మీద కునుకుంటదా? ఊరంత పరేషానయ్యేకన్న, నన్నొక్కన్ని పిచ్చోడనుకుంటే అగ్గువ గదా, వాహెదూ.”

నాకు నా రెండు గజాలు గుర్తొచ్చాయి. నేను అప్పుడు కట్టాలనుకున్న ముందుగది, అందులో పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల వేయాలనుకున్న చోటు, సరిగ్గా ఆ బాదం చెట్టు కింద. ఇరవై ఏళ్లు ఎండలో కాలిన స్కూటర్ సీటు మీద కూర్చుని ఈ మనిషిని తిట్టుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వేసిందని ఆయనతో చెప్పాను కూడా.

“చాయ్ చల్లారుతున్నది, తాగు,” అన్నాడు.

ఇరవై రెండు దరఖాస్తులకు ఒకేఒక్కసారి కదిలిన గనివాళ్లు, ఒక నాయకుడు నడుము దాకా దిగితే మూడో రోజే వచ్చారు. యంత్రాలొచ్చాయి. గొట్టాలొచ్చాయి. వారం పాటు ఇసుక, సిమెంటు కలిపి నింపారు. ఇక భయం లేదని రాసిచ్చారు. అందుకే ఇదంతా ఇప్పుడు రాయగలుగుతున్నాను. సొరంగం పూడ్చివేత కార్యక్రమాన్ని హనుమండ్లు రిబ్బను కత్తిరించి ప్రారంభించాడు. నేను ‘ఘనంగా’ అని రాశాను. జీవితంలో మొదటిసారి ఆ మాట నిజమైంది.

కాక తన గీతలన్నీ తనే తుడిచేశాడు. అప్పుడు వచ్చింది అసలు తంటా. బస్తీవాళ్లకు నడక చేతకాలేదు. గీత లేని చోట కూడా అలవాటు కొద్దీ పక్కకు జరిగి నడిచేవాళ్లు. యాదవ్వ బండిని పాత మూలకు మార్చుకోమంటే, “నాకు గీ జాగనే అలవాటైంది, పో,” అంది.

జట్టు ప్రకటించిన రోజున రెబెకా మేడమ్ ఫోన్ చేసింది. “మీ బిడ్డ గీత ఇడువలే, వాహెద్ భాయ్. గందుకే తీసుకున్నం,” అంది. ఆ మాట కాకకు చెప్తే, “మార్కు ఆపినోళ్లకే పడ్డది సూసినవా? ఆటల సారుకు చెప్పు,” అన్నాడు.

నాలుగు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చిన అంబ్రీన్ మళ్లీ బయల్దేరిన పొద్దున, గల్లీకి అడ్డంగా ఒక కొత్త తెల్లగీత ఉంది. బిడ్డ సంచి భుజాన వేసుకుని వచ్చి, పదేళ్ల అలవాటుతో దాని ముందు టక్కున ఆగిపోయింది.

“తాతా, అంత నింపిండ్రు గదా. మల్ల గీతెందుకు?”

“గిది దాటేటందుకు గీసిన. దాటు బిడ్డా.”

అంబ్రీన్ నవ్వి, ఒక్క గంతు వేసి దాటింది. కాక వంగి, కాలు ఎక్కడ పడిందో చూసి, తలాడించాడు. నేను బిడ్డను స్టేషన్‌కు తీసుకుపోదామని స్కూటర్ ఎక్కాను. ఇప్పుడిక భయం లేదు కదా అని ముందు రోజే దాన్ని బాదం చెట్టు నీడలో పెట్టుకున్నాను. ఎక్కి కూర్చుందును కదా, సీటు చుర్రుమంది. బండి ఎండలో ఉంది.

“కాకా! ఇప్పుడు కూడ జరిపినవా?”

“అలవాటైంది, వాహెదూ,” అన్నాడు అంతయ్య కాక, డబ్బా మూత పెట్టుకుంటూ. “అయినా అందం ఉండది.”

నేను కాలుతున్న సీటు మీదే సర్దుకుని కూర్చున్నాను.